పన్ను నొప్పి దానంతటదే తగ్గిపోయింది, ఇంకా రూట్ కెనాల్ అవసరమా? (పాప పన్ను గురించి కూడా)

నిద్రలేని నాన్న · సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి రాయక తప్పట్లేదు.

మూడు వారాల కింద నాకు కుడివైపు కింది దవడ పన్ను నొప్పి మొదలైంది. ముందు చల్లటి నీళ్లకి జివ్వుమనేది. తర్వాత వేడికి. ఆ తర్వాత ఏమీ తాగకపోయినా, తల దిండు మీద పెట్టగానే గుండె పంట్లోకి దిగి కొట్టుకుంటున్నట్టు ఒకటే సలుపు. మూడు రాత్రులు కుర్చీలోనే తెల్లవార్చాను. డాక్టరు ఎక్స్‌రే తీసి, రూట్ కెనాల్ చేసి, అంటే పన్ను లోపలి నరం తీసి శుభ్రం చేసి నింపి, పైన క్యాప్ వేయాలన్నారు. ఆలోచించుకుని వస్తానని బయటపడ్డాను.

తమాషా ఏంటంటే మర్నాడు లేచేసరికి నొప్పి లేదు. చల్లటి నీళ్లు కావాలని అటువైపే పోసుకుని పుక్కిలించాను, చలనం లేదు. ఇప్పటికి పన్నెండు రోజులు. తగ్గిపోయిన పన్నుని ఎందుకు కెలకడం అని ఒక మనసు. భయం కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

పనిలో పని ఇంకోటి. మా పాపకి ఆరున్నరేళ్లు. కింది వరసలో చిట్టచివరి పన్ను మీద సన్నటి నల్ల గీత కనిపిస్తోంది. ఊడిపోయే పాల పన్నుకి వైద్యమేంటని మా ఇంట్లో పెద్దవాళ్ల మాట. వదిలేయొచ్చా?

గోడమీద పిల్లి · సోమవారం, రాత్రి 11:15

అన్నా, నాకూ అచ్చం ఇలాగే తగ్గింది. నేనూ నీలాగే సంబరపడ్డాను. ఏడు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున అద్దంలో చూసుకుంటే సగం మొహం నాది, సగం ఎవరిదో. చెంప అంత ఉబ్బింది. ఇంతకంటే చెప్పను.

పళ్ల డాక్టరమ్మ · మంగళవారం, ఉదయం 6:40

నిద్రలేని నాన్న గారూ, మీ పన్ను తగ్గలేదండీ. చచ్చిపోయి ఉంటుంది. నోరు చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, మీరు రాసిన వరస పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం ఉంటుంది. మామూలుగా అందరం నరం అనేస్తాం. ఒంట్లో ఇంకెక్కడైనా వాపు వస్తే ఉబ్బడానికి చోటుంటుంది. ఇక్కడ చుట్టూ గట్టి గోడలు. వాచినకొద్దీ లోపలే ఒత్తిడి పెరుగుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ చేరుతుంది కాబట్టి రాత్రిళ్లు సలుపు. చివరికి ఆ ఒత్తిడికి, ఇన్ఫెక్షన్‌కి నరం చచ్చిపోతుంది. ఇక చల్లన తెలియదు, వేడి తెలియదు. మనం తగ్గిందనుకుంటాం. సూక్ష్మజీవులు మాత్రం వేరు కొసల్లోంచి దవడ ఎముకలోకి మెల్లగా దిగుతుంటాయి. అందుకే పిల్లి గారి చెంప ఏడు నెలలు ఆగి వాచింది.

కాబట్టి రూట్ కెనాల్ చేయించుకోవాలి, లేదా పన్ను పీకించుకోవాలి. మూడో దారి లేదు.

ఇక పాప సంగతి. చెప్పేముందు మీరొక పని చేయండి. ఫోన్ టార్చ్ వేసి, కింది వరసలో సరిగ్గా మధ్య గీత నుంచి ఒక వైపుకి పళ్లు లెక్కపెట్టండి. ఎక్కడైనా పన్ను ఊడి ఖాళీగా ఉంటే దాన్నీ ఒకటిగా లెక్కేయండి. ఆ నల్ల గీత ఉన్నది ఎన్నోదో చెప్పండి.

అనుమానం పెనుభూతం · మంగళవారం, ఉదయం 9:05

పళ్ల డాక్టర్ల దగ్గరికి వెళ్లి ఏమీ లేదనిపించుకుని వచ్చినవాణ్ని ఒక్కణ్ని చూపించండి. నొప్పి ఉంటే రూట్ కెనాల్, లేకపోయినా రూట్ కెనాల్. నాకోసారి ఇలాగే నొప్పి వస్తే యాంటీబయాటిక్ ఐదు రోజులు వేసుకున్నాను, పోయింది.

పళ్ల డాక్టరమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

పెనుభూతం గారూ, మాత్ర పనిచేయాలంటే రక్తంలో కలిసి ఆ చోటికి చేరాలి కదండీ. చచ్చిపోయిన పంట్లో రక్తప్రసరణే ఉండదు. మందు వేరు చుట్టూ ఉన్న వాపుని కొంత తగ్గిస్తుంది కానీ పన్ను లోపలున్న మూలాన్ని ముట్టుకోదు. మీకు పోయింది వాపే అయ్యుండొచ్చు. ఒకసారి ఎక్స్‌రే తీయించి చూసుకోండి. జ్వరం, పాకే వాపు ఉంటే యాంటీబయాటిక్ కావాలి, అదీ అసలు చికిత్సకి తోడుగానే.

ఈ ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి: వాపు కంటివైపో మెడకిందికో పాకుతున్నా, నోరు తెరవలేకపోతున్నా, మింగడం లేదా ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా పళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నిద్రలేని నాన్న · మంగళవారం, రాత్రి 9:20

డాక్టరమ్మ గారూ, ఇప్పుడే లెక్కపెట్టాం. పాపని మంచం మీద అడ్డంగా పడుకోబెట్టి తల మా ఆవిడ ఒళ్లో పెట్టుకుంది, నేను టార్చ్ పట్టుకున్నాను. మొదటిసారి నాలిక అడ్డొచ్చి తప్పాను. రెండోసారి పాపే వేళ్లు మడుస్తూ నాతోపాటు లెక్కపెట్టింది.

ఆరోది అండీ. రెండు వైపులా ఆరున్నాయి. కుడివైపు దానికే గీత.

పళ్ల డాక్టరమ్మ · మంగళవారం, రాత్రి 9:48

అనుకున్నాను. అది పాల పన్ను కాదు.

పాల పళ్లు మొత్తం 20. అంటే పైనా కిందా ఒక్కో పక్క ఐదే. ఆరోదిగా వచ్చేది మొట్టమొదటి శాశ్వత దవడ పన్ను. ఆరేళ్ల వయసులో వస్తుంది. ముందు పళ్లలా పాల పన్ను ఊడిన చోట కాకుండా, పాల పళ్ల వెనకాల కొత్త చోటులో చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. అందుకే చాలా ఇళ్లలో దాన్ని పాల పన్నే అనుకుంటారు. ఇది పోతే ఇంకోటి రాదు. పాప జీవితాంతం నమలాల్సింది దాంతోనే.

కొత్తగా వచ్చిన ఈ పన్ను మీద నమిలే వైపు గాడులు బాగా లోతు. బ్రష్ కుచ్చు అడుగుదాకా వెళ్లదు. పైగా పూర్తిగా పైకి రాకముందు పక్క పన్ను కంటే పల్లంలో ఉంటుంది, బ్రష్ దాని మీంచి జారిపోతుంది. నల్ల గీత ఒట్టి మరకైనా కావచ్చు, పిప్పి మొదలైనా కావచ్చు. ఫోటోలో తేలదు. పన్ను ఆరబెట్టి చూడాలి, అవసరమైతే ఎక్స్‌రే. పిప్పి లేకపోతే సీలెంట్ అని ఆ గాడుల్ని పలచటి పూతతో మూసేస్తారు. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు, పన్నుకి కొద్ది నిమిషాల పని. పిప్పి పట్టి ఉంటే చిన్న ఫిల్లింగ్. ఈ వారమే తీసుకెళ్లండి.

నిద్రలేని నాన్న · మంగళవారం, రాత్రి 10:02

చెయ్యి వణుకుతోంది. నా పన్నుకి ఆలోచించుకుని వస్తానన్నాను కానీ దీనికి అనలేను. రేపే ఫోన్ చేస్తాను. ఇద్దరికీ.

కందిరీగ · బుధవారం, ఉదయం 7:12

నిజంగా పాల పన్నే అయితే వదిలేయొచ్చా మరి? మా బాబుకి నాలుగేళ్లు, ఐదో పన్ను పిప్పి. ఊడిపోయేదేగా అంటే నేనూ సరేనన్నాను.

పళ్ల డాక్టరమ్మ · బుధవారం, మధ్యాహ్నం 1:15

ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి, నిజమే. దవడలోని పాల పళ్లు మాత్రం పది నుంచి పన్నెండేళ్ల దాకా ఉండాలి. మీ బాబు ఇంకో ఆరేడేళ్లు దాంతోనే తినాలి. పాల పంటి ఎనామిల్ (పైనుండే గట్టి పొర) పలచన, పిప్పి తొందరగా నరందాకా పోతుంది. అక్కడ చీము పడితే కిందే పెరుగుతున్న శాశ్వత పన్నుకి దెబ్బ. ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి వాలతాయి, తర్వాత వచ్చే పన్నుకి చోటు చాలదు, వంకర. అందుకే ముందే తీయాల్సి వచ్చినప్పుడు కొందరికి చోటు కాపాడే చిన్న తీగ పెడతాం, స్పేస్ మెయింటెయినర్ అని.

నరం పైభాగం వరకే పాడైతే పల్పాటమీ చేసి, అంటే ఆ భాగం వరకే తీసేసి, స్టీల్ క్యాప్ వేస్తాం. వెండి రంగులో ఉంటుందని పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. పిల్లలు మాత్రం ఊళ్లో అందరికీ నోరు తెరిచి చూపిస్తారు.

ఎదురుచూపులు · బుధవారం, మధ్యాహ్నం 3:40

నాకు అయిదో నెల. బ్రష్ చేస్తే చిగుళ్లలోంచి రక్తం వస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు పళ్ల జోలికి వెళ్లకూడదంటున్నారు. బిడ్డ మన పళ్లలోని కాల్షియం లాగేసుకుంటుందట, నిజమేనా? వేవిళ్లు ఇంకా తగ్గలేదు, వాంతి అవగానే బ్రష్ చేసుకుంటున్నాను.

పళ్ల డాక్టరమ్మ · బుధవారం, రాత్రి 8:10

మీ పళ్లలోంచి ఎవరూ ఏమీ లాగరమ్మా. హార్మోన్ల వల్ల ఈ సమయంలో చిగుళ్లు పాచికి మామూలు కంటే ఎక్కువగా స్పందిస్తాయి, ఉబ్బుతాయి, రక్తం వస్తుంది. బ్రష్ మానేస్తే ఇంకా పెరుగుతుంది. మెత్తటి కుచ్చుల బ్రష్‌తో రెండు పూటలా చేయండి. క్లీనింగ్, ఫిల్లింగ్ లాంటివి ఇప్పుడు చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం కూడా తేలిక. మామూలుగా ఇచ్చే లిడోకైన్ మత్తు సూది గర్భిణులకి ఇవ్వొచ్చు. తప్పనిసరైతే పంటి ఎక్స్‌రే కూడా తీస్తాం. గర్భిణినని మాత్రం వెళ్లగానే చెప్పండి, నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

వాంతి అవగానే బ్రష్ చేయడం ఈరోజే ఆపేయండి. కడుపులోంచి వచ్చిన యాసిడ్‌కి ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది, ఆ క్షణంలో రుద్దితే అరుగుతుంది. గ్లాసు నీళ్లలో చెంచా వంట సోడా కలిపి పుక్కిలించండి, లేకపోతే ఒట్టి నీళ్లు. అరగంట ఆగి బ్రష్ చేయండి.

అనుమానం పెనుభూతం · గురువారం, ఉదయం 8:30

క్లీనింగ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. నేను ఒకసారి క్లీనింగ్ చేయించుకున్నాక పళ్ల మధ్య సందులు పడ్డాయి, వారం రోజులు గాలి పీల్చినా జివ్వుమనేది, రెండు పళ్లు కదలడం మొదలైంది. అరగదీసేశారు. అప్పటి నుంచి ఆ గుమ్మం తొక్కలేదు. తొమ్మిదేళ్లయింది.

చక్కెర బాధితుడు · గురువారం, ఉదయం 10:05

తమ్ముడూ, ఈ మాట నేనూ పదిహేనేళ్లు అన్నాను. మా డాక్టరు ఒకరోజు నా పళ్ల వెనక నుంచి తీసిన గారని గాజుగుడ్డ మీద పెట్టి చూపించారు. గులకరాళ్లలా ఉంది. ఆ రాళ్లే సందులు పూడ్చి, కదిలే పళ్లని సిమెంటులా పట్టుకుని ఉన్నాయి. అది తీసేసరికి ఎప్పుడో కరిగిపోయిన ఎముక సంగతి బయటపడింది. సందు అప్పుడు పడింది కాదు, అప్పుడు కనపడింది.

నాకు షుగర్ పన్నెండేళ్లుగా ఉంది. మందులు పెంచినా అదుపులోకి రాకపోతే చిగుళ్లు చూపించుకోమని షుగర్ డాక్టరే పంపారు. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ల జబ్బు ముదురుతుందట, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ దిగదట. ఈ రెండో ముక్క నాకెవరూ అప్పటిదాకా చెప్పలేదు.

పుస్తకాల పురుగు · గురువారం, ఉదయం 11:50

క్లీనింగ్ మీద తగువు వచ్చింది కాబట్టి ఒక పాత ముచ్చట. 1844లో హోరేస్ వెల్స్ అనే అమెరికన్ పళ్ల డాక్టరు, నవ్వించే వాయువు అని పిలిచే నైట్రస్ ఆక్సైడ్ పీల్చితే నొప్పి తెలియదేమోనని తన దవడ పన్నే పీకించుకుని చూశాడు. పీకింది జాన్ రిగ్స్ అనే సాటి డాక్టరు. ఆ రిగ్సే తర్వాత చిగుళ్ల జబ్బుల మీద పడి, గార గీకేస్తే కదిలే పళ్లని కాపాడొచ్చని వాదించాడు. కొన్నాళ్లపాటు ఆ జబ్బుని రిగ్స్ వ్యాధి అనే పిలిచారు. ఇప్పుడు మనకి ఇచ్చే లిడోకైన్‌ని స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. అంతకుముందు వాళ్ల అవస్థలు తలుచుకుంటే మన సూది భయం ఏపాటిది.

పళ్ల డాక్టరమ్మ · గురువారం, మధ్యాహ్నం 1:40

చక్కెర గారు నా పని సగం చేసేశారు. క్లీనింగ్‌కి వాడే స్కేలింగ్ యంత్రం కొస గీకే కత్తి కాదు, సన్నగా కంపిస్తూ గారని వదులు చేసి నీళ్లతో కడిగేస్తుంది. కొన్నాళ్లు జివ్వుమనడం నిజమే, అన్నాళ్లూ గార కప్పి ఉంచిన వేరు భాగానికి ఒక్కసారిగా గాలి తగులుతుంది కాబట్టి. కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

బ్రష్ చేస్తే రక్తం వచ్చే దశలో చిగుళ్లు పూర్తిగా మామూలవుతాయి. ఎముక కరగడం మొదలయ్యాక, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే ఎక్కువమందికి దక్కేది. ఈ రెండు దశల మధ్య నొప్పి ఉండదు. చిగుళ్ల జబ్బుతో నాకున్న తగువంతా అక్కడే.

అత్తగారి కోడలు · శుక్రవారం, రాత్రి 9:33

మా అత్తయ్యకి 74. పైన మొత్తం కట్టుడు పళ్లు. పడుకునేటప్పుడు కూడా తీయరు, ఎవరైనా చూస్తారని మొహమాటం. ఈమధ్య నాలిక పక్కనున్న చిగురు మీద పుండు పడింది, నెల దాటింది. పైపూత మందు రాస్తున్నాం. ఎముకల బలానికని ఏవో మాత్రలు, గుండెకి రక్తం పలచబరిచే మాత్రలు వాడతారు. ఒక పన్ను పీకాలన్నారు, దానికోసం ఆ మాత్రలు ఆపేద్దామా అని ఆలోచిస్తున్నాం.

పళ్ల డాక్టరమ్మ · శుక్రవారం, రాత్రి 9:51

మాత్రలు ఆపొద్దు. ముందు ఈ మాట, మిగతావి తర్వాత. రక్తం పలచబడే మందు సొంతంగా ఆపితే వచ్చే ప్రమాదం పన్ను దగ్గర కారే రక్తం కంటే చాలా పెద్దది. చాలామందికి ఆ మందు వాడుతుండగానే పన్ను తీయొచ్చు, రక్తం ఆపడానికి మా దగ్గర దారులున్నాయి. ఎముకల మాత్రల పేరు కూడా తప్పకుండా చెప్పండి, కొన్ని రకాల వల్ల పన్ను తీశాక దవడ ఎముక మానకుండా ఉండిపోయే అవకాశం ఉంది. గుండెలో కృత్రిమ వాల్వు ఉన్నా చెప్పాలి. మాత్రల డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకునే బాధ ఉండదు.

పుండు సంగతి: రెండు వారాల్లో మానని ఏ పుండునైనా డాక్టరుకి చూపించాలి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గడ్డ, అన్నిటికీ అదే లెక్క. చాలాసార్లు పదునైన పన్నో, కట్టుడు పళ్ల అంచో రాసుకుని పడిందే అయ్యుంటుంది. కానీ క్యాన్సర్ కూడా మొదట్లో నొప్పి లేని మామూలు పుండులాగే కనిపిస్తుంది. పొగాకు అలవాటుంటే అసలు ఆలస్యం చేయకూడదు. పైపూత ఇక చాలు.

కట్టుడు పళ్లు రాత్రి తీసి, మెత్తటి బ్రష్‌తో సబ్బు నీళ్లతో కడిగి, నీళ్లలో వేసి ఉంచాలి. టూత్‌పేస్ట్ వాటిని గీస్తుంది. మరీ వేడి నీళ్లలో వేస్తే ఆకారం మారిపోతుంది. చిగుళ్లకి రాత్రిపూటైనా ఊపిరాడనివ్వాలి, లేకపోతే అడుగున ఫంగస్ పడుతుంది.

గోడమీద పిల్లి · శనివారం, ఉదయం 7:25

ఈ డాక్టరమ్మకి ఫీజు ఎవరిస్తున్నారు?

పళ్ల డాక్టరమ్మ · శనివారం, ఉదయం 7:31

మీరు రాత్రిపూట బ్రష్ చేస్తే చాలు.

గోడమీద పిల్లి · శనివారం, ఉదయం 7:34

ఫీజే నయం.

మూడో సిటింగ్ · శనివారం, మధ్యాహ్నం 12:20

నిద్రలేని నాన్న గారికి నా కథ పనికొస్తుంది. నాలుగేళ్ల కింద రూట్ కెనాల్ చేయించుకుని, నొప్పి పోయింది కదా అని క్యాప్ వేయించుకోలేదు. మూడో సిటింగ్‌కి ఎగ్గొట్టాను. డాక్టరు మూడుసార్లు ఫోన్ చేశారు, తప్పు నాదే. పదకొండు నెలలకి ఏదో నములుతుంటే టప్‌మని చప్పుడు. పన్ను నిలువునా వేరుదాకా చీలింది. కాపాడలేమన్నారు, పీకేశారు.

అక్కడితో అయిపోలేదు. పీకిన రోజు రాత్రి నోరు ఉప్పగా ఉందని గట్టిగా పుక్కిలించి ఉమ్మాను. మూడో రోజుకి చెవిదాకా నొప్పి. గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా ఉండాలట, అది ఊడొచ్చి ఎముక బయటపడిందన్నారు. డ్రై సాకెట్. పీకినప్పటి నొప్పి దీని ముందు ఎందుకూ పనికిరాదు. దూది అరగంటపైన గట్టిగా కొరికి పట్టుకోండి. మొదటి రోజంతా పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం, సిగరెట్, ఏదీ వద్దు. గోరువెచ్చటి ఉప్పునీళ్లు మర్నాటి నుంచే, అదీ మెల్లగా. చీటీ మీద ఇవన్నీ రాసి ఇచ్చారు. ఆ చీటీ జేబులోనే ఉంది.

నిద్రలేని నాన్న · తర్వాతి బుధవారం, రాత్రి 10:10

మొదటి సిటింగ్ అయింది. భయపడేవాళ్ల కోసం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

చిగురు మీద ముందు పూత మందు రాశారు, తర్వాత సూది. చీమ కుట్టినట్టుంది, అది కూడా మెల్లగా ఇచ్చారు కాబట్టి. పెదవి సగం నాది కాకుండా పోయింది. తర్వాత పలచటి రబ్బరు షీటుకి కన్నం పెట్టి నా పన్ను ఒక్కటే బయటికి కనపడేలా తొడిగారు. రబ్బరు డ్యామ్ అట. ఉమ్ము లోపలికి పోకుండా, సన్నటి సూదుల్లాంటి ఫైళ్లు జారి నా గొంతులో పడకుండా. అది వేశాక నాకు సగం ధైర్యం వచ్చింది.

పన్ను తెరవగానే ఒక వాసన. చెప్పను. డాక్టరు ఏమీ అనలేదు కానీ నాకు అర్థమైంది, పన్నెండు రోజులుగా నేను తగ్గిపోయిందని మురిసిపోయింది ఇదన్నమాట. లోపల మూడు కాలువలుంటాయనుకుంటే నాలుగోది కూడా దొరికింది. ఫైలుకి తీగ తగిలించి ఒక చిన్న యంత్రం చూస్తుంటే, వేరు కొస దగ్గరకి వచ్చేసరికి పీప్ పీప్ అని మోగుతోంది. మధ్యమధ్యలో ఈతకొలను వాసన వచ్చే మందుతో కడుగుతున్నారు. గంటా పది నిమిషాలు. నొప్పి సున్నా. నోరు తెరిచి తెరిచి దవడ పీకింది, అంతే. లోపల మందు పెట్టి తాత్కాలికంగా మూశారు. వచ్చే వారం గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో కాలువలు నింపి, తర్వాత క్యాప్. మూడో సిటింగ్ గారూ, నేను ఎగ్గొట్టను.

పాపకి: కుడివైపు గీత పిప్పే, కానీ ఎనామిల్ దాటి కొంచెమే దిగిందట. చిన్న ఫిల్లింగ్. ఎడమవైపుది శుభ్రంగా ఉంది, సీలెంట్ వేశారు. మిగతా పళ్లకి ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు. పై ఆరో పళ్లు ఇంకా సగమే వచ్చాయి, ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు.

కందిరీగ · తర్వాతి గురువారం, ఉదయం 7:50

పిల్లలకి ఫ్లోరైడ్ పేస్ట్ వాడొచ్చా? మింగేస్తారని మేం ఫ్లోరైడ్ లేనిది వాడుతున్నాం. తీపి కూడా రోజుకి ఒక్కటే ఇస్తాం, అదీ చాలాసేపు చప్పరిస్తూ ఉంటాడు పాపం.

పళ్ల డాక్టరమ్మ · తర్వాతి గురువారం, మధ్యాహ్నం 1:25

ఆ చాలాసేపే కొంప ముంచుతుంది. తీపి తగలగానే పాచిలోని సూక్ష్మజీవులు యాసిడ్ తయారుచేస్తాయి. నోటి పీహెచ్ (యాసిడ్ పెరిగినకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోంచి ఖనిజాలు కరగడం మొదలు. ఉమ్ము దాన్ని మళ్లీ సరిచేయడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంటపైన పడుతుంది. ఒక్కసారిగా తినేస్తే ఒక్క దాడి. రెండు గంటలు చప్పరిస్తే రెండు గంటల దాడి. ఎంత తిన్నాడన్నది రెండో ప్రశ్న, ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది మొదటి ప్రశ్న. భోజనంతోపాటు ఇచ్చేయండి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి పై ముందు పళ్లు పుచ్చిపోయేదీ ఇందుకే, నిద్రలో ఉమ్ము బాగా తక్కువ.

ఫ్లోరైడ్ కావాలి. కరిగిన చోట ఖనిజం మళ్లీ పేరుకోవడానికి సాయం చేసేది అదే. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్లకి బఠాణీ గింజంత పేస్ట్ చాలు. ట్యూబు మీద ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం అని ఉండాలి. ఆ కొంచెం మింగినా ఫర్వాలేదు, ట్యూబు మాత్రం అందకుండా పెట్టండి. ప్రకటనల్లో బ్రష్ పొడవునా పాములా వేసి చూపిస్తారే, అది పేస్ట్ అమ్ముకోవడానికి.

ఇంకో అలవాటు మార్చుకోండి, పెద్దలు కూడా. బ్రష్ అయ్యాక నురుగు ఉమ్మేసి ఊరుకోండి. గ్లాసుడు నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా సింకులోకే. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలకి మీరే బ్రష్ చేయాలి, కనీసం రాత్రిపూట.

మూడో సిటింగ్ · తర్వాతి గురువారం, సాయంత్రం 6:15

డాక్టరమ్మ గారూ, నిన్న మా మేనల్లుడు ఆటలో పడి ముందు పన్ను సగం విరగ్గొట్టుకున్నాడు. మొత్తం ఊడొస్తే ఏం చేయాలి?

పళ్ల డాక్టరమ్మ · తర్వాతి గురువారం, సాయంత్రం 6:22

శాశ్వత పన్నైతే: తెల్లగా కనిపించే పైభాగం పట్టుకుని తీయండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే పాలతోగానీ సెలైన్‌తోగానీ కొద్ది క్షణాలు కడిగి, వెంటనే ఆ గుంటలోనే పెట్టి శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనండి. పెట్టలేకపోతే చల్లటి పాలలో వేసి పరిగెత్తండి. మంచినీళ్లలో వేయొద్దు, వేరు మీద కణాలు చచ్చిపోతాయి. అరగంటలో చేరితే మంచి అవకాశం, గంట దాటితే బాగా తగ్గిపోతుంది. పాల పన్నైతే మళ్లీ పెట్టకూడదు. విరిగిన ముక్క దొరికితే అదీ తీసుకెళ్లండి, చాలాసార్లు అతికించొచ్చు.

అత్తగారి కోడలు · రెండు వారాల తర్వాత, రాత్రి 8:45

చెప్పడం ఆలస్యమైంది, క్షమించండి. అత్తయ్య పుండు కింది దవడలో విరిగిన పన్ను అంచు రాసుకుని పడిందే. అంచు నున్నగా చేశారు, పది రోజుల్లో మానింది. మానకపోతే ముక్క తీసి పరీక్షకి పంపేవారట. మాత్రల సంచి చూసి గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, మందు ఆపకుండానే ఆ పన్ను తీశారు, రెండు కుట్లు వేశారు. కట్టుడు పళ్లు ఇప్పుడు రాత్రి తీస్తున్నారు. గదిలో లైటు ఆర్పాక.

నిద్రలేని నాన్న · నాలుగు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 9:15

క్యాప్ పడింది. మొదటి రోజు ఎత్తుగా అనిపిస్తే మళ్లీ వెళ్లాను, నీలం కాగితం కొరికించి కొంచెం అరగదీశారు. ఇప్పుడు ఏది నా పన్నో ఏది క్యాపో నాలిక్కి తెలియట్లేదు.

అసలు సంగతి అది కాదు. మా పాపకి ఆ రాత్రి లెక్కపెట్టడం తెగ నచ్చింది. ఇంటికెవరొచ్చినా టార్చ్ పట్టుకుని నోరు తెరవమంటోంది. వాళ్లమ్మకి 30 తేలాయి, రెండు జ్ఞానదంతాలు రాలేదు. మా నాన్న తనకి 28 ఉన్నాయని ఖాయంగా చెప్పారు. పాప 21 దగ్గర ఆగింది. అబద్ధం, మళ్లీ లెక్కపెట్టు అన్నారాయన. మళ్లీ 21. నేను చూసినా 21. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎడమవైపు నమలడం మానేసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదన్నారు. మంగళవారం తీసుకెళ్తున్నాను.

అనుమానం పెనుభూతం · ఆదివారం, ఉదయం 11:02

నేనూ లెక్కపెట్టుకున్నాను. ఎన్నో చెప్పను. ఎక్స్‌రేకి, క్లీనింగ్‌కి శనివారం పదకొండింటికి టైమ్ ఇచ్చారు. పిల్లీ, నువ్వు నోరు మెదపొద్దు.

గోడమీద పిల్లి · ఆదివారం, ఉదయం 11:03

మ్యావ్.